అగ్గిపుల్ల ఎత్తు

ఆ వేసవంతా మా ఇంట్లో బల్ల మీద అన్నం పెట్టలేదు. బల్ల నిండా ప్లాస్టిక్ ముక్కలు. చక్రాలు, గొలుసు పట్టాలు, తుపాకీ గొట్టాలు, గోరంత మూతలు. మేమిద్దరం నేల మీద కూర్చుని కంచాల్లో మెతుకులు కెలికి లేచేవాళ్లం. తిన్నామంటే తిన్నాం.

ఎనభైతొమ్మిదో సంవత్సరం అది. మా ఆయన సింహాచలం బిలాస్‌పూర్ యార్డులో వ్యాగన్లు పరీక్షించే పని చేసి రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి కుదుదండ్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మాకు ఒక్కడే కొడుకు, గిరిబాబు. పటాలంలో ట్యాంకు నడిపేవాడు. ఆ మాఘమాసంలో సాధన చేస్తూ కాలువ దాటుతుంటే వాడి ట్యాంకు మునిగిపోయింది. పైన ఫిరంగి గొట్టంతో పాటు తిరిగే బురుజులో కూర్చున్న ఇద్దరూ బయటపడ్డారు. కింద, ముందు వైపు కూర్చుని నడిపే మావాడు బయటపడలేదు. వేసవి వస్తే అర్పా నదిలో మోకాలు తడిసేన్ని నీళ్లుండని ఊళ్లో పెరిగినవాడు నీళ్లలో పోయాడు.

ఆ సంగతి చెప్పడానికి ఒక అధికారి ఇంటికి వచ్చాడు. మంచివాడే, మర్యాదగా మాట్లాడాడు. నడిపేవాడి తల మీద ఒక మూత ఉంటుందని, లోపలి నుంచి తిప్పి పైకెత్తితే తెరుచుకుంటుందని, గిరిబాబు కంగారులో దాన్ని తెరవలేకపోయి ఉంటాడని హిందీలో చెప్పాడు. మా ఆయన ఒకే ఒక ప్రశ్న అడిగాడు, మూత బాగానే ఉందా అని. బాగానే ఉంది, ట్యాంకును ఒడ్డుకి లాగాక చూశాం, సుఖంగా తెరుచుకుంది అన్నాడు అధికారి. ఆ మాట దగ్గర మా ఆయన తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తలేదు.

నాకు ఆ దించుకోవడం అర్థమైంది. గిరి పిల్లప్పుడు తండ్రికి అన్నం క్యారేజీ పట్టుకుని యార్డుకి వెళ్లేవాడు. వ్యాగన్‌లోకి ఎక్కే ముందు తలుపు తెరిచి మూసి చూసుకోవాలని, ఇరుక్కునే తలుపున్న బండిలో కాలు పెట్టకూడదని ఈయన వాడికి అప్పుడే నేర్పాడు. అలాంటివాడు భయపడి మూత తీయలేకపోయాడంటే ఆ మాట కొడుకుతో ఆగదు, నేర్పిన తండ్రికీ తగులుతుంది.

వాడి ఫోటో గోడకి పెడదామంటే ఈయన ఒప్పుకోలేదు. "ఒగ్గేయ్" అన్నాడు, అంతే.

గిరి పెట్టె మాఘం చివర్లో ఇంటికి వచ్చింది. బట్టల అడుగున ఒక అట్టపెట్టె ఉంది, సీలు కూడా తీయలేదు. పైన ట్యాంకు బొమ్మ. ముక్కలు ముక్కలుగా ఉండి, మనం అతికించుకోవాల్సిన బొమ్మ. కిందటి సెలవులో వచ్చినప్పుడు వాడు నాతో అన్నాడు: "నానేటి తోలతానో నీకు సూపిత్తానమ్మా, మళ్లీ వచ్చినప్పుడు." అదే ఇది అనుకుంటాను. నేను స్టేషన్‌కి వెళ్లి ఎవరికీ వీడ్కోలు చెప్పను. పెళ్లయి రైలెక్కిన రోజున ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మా అమ్మని మళ్లీ చూడలేదు, అప్పటినుంచీ అంతే. వాడినీ గుమ్మంలోంచే పంపాను. తర్వాత రైలు కూసినప్పుడల్లా వాడి బండేనేమో అనుకుంటూ సాయంత్రందాకా పొయ్యి వెలిగించలేదు.

ఆ పెట్టె తెరవడంతో మొదలైంది. ఈయనకి కంట్లో శుక్లాలు. అతికించే వరస చెప్పే కాగితం నేను చూసి చెప్పాలి. నేను బడికి వెళ్లినదాన్ని కాను. కిరాణా పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కుని తెలుగు, స్టేషన్ బోర్డులు చూసి హిందీ నేర్చుకున్నాను. ఆ కాగితం మీద ఏ భాషో కూడా తెలియదు. కానీ బాణాలూ అంకెలూ ఉన్నాయి. అవి చాలు. "ఏడు ఎనిమిదిలో దూరాల బావా, తొమ్మిది పైన పడాల" అంటూ చెప్పేదాన్ని. ఆయన వేళ్లతో తడిమి పెట్టేవాడు.

అది చూడ్డానికి అందంగా ఉంది. కానీ నడిపేవాడి మూత విడిగా లేదు, పైకప్పుతో కలిసి అచ్చు పోసేశారు. గీత గీసి మూత అనిపించారు. ఈయన గోటితో ఆ గీత మీద చాలాసేపు గీకాడు.

"ఇది తలుపు గాదు, తలుపు బొమ్మ" అన్నాడు. లేచి వెళ్లి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు. జేబులోంచి సుద్దముక్క తీసి దాని వీపు మీద అడ్డంగా ఒక గుర్తు గీశాడు. యార్డులో పనికిరాని వ్యాగన్‌కి అలాగే సుద్దతో గుర్తు పెట్టి పక్క పట్టాల మీదికి తోసేవారు. దాన్ని సిక్ లైన్ అంటారు. ఆ రోజునుంచి మా కిటికీ గట్టే సిక్ లైన్ అయింది.

ఆయనకి కావలసింది ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఆ మూత దగ్గర ఏం జరిగిందో తన చేతితో చూడాలి. తన కొడుకు భయపడ్డాడా లేదా తేలాలి. నాకు మటుకు అదేదీ తేలకూడదు. చల్లటి నీళ్లు ఒక్కసారి మీద పడితే మనిషికి తెలివి తప్పిపోతుందని రైల్వే ఆసుపత్రి నర్సమ్మ నాతో చెప్పింది. తెలివి తప్పితే మూత ఎవరు తీస్తారు? భయమూ లేదు, బాధా లేదు. నేను ఆ మాట పట్టుకుని నిద్రపోతున్నాను.

అదే ట్యాంకు బొమ్మ వేరే కంపెనీలవి ఒకదాని తర్వాత ఒకటి తెప్పించాడు. పెట్టెలు తెచ్చే పని పోలయ్యది. మా ఆయనకి వరసకు తమ్ముడు, గూడ్సు గార్డు. ఓడల మీద వచ్చిన విదేశీ సరుకు కలకత్తాలో ఖిదిర్‌పూర్ సంతలో అమ్ముతారు. అక్కడున్న గార్డుకి కబురు పెడితే అతను కొని ఖరగ్‌పూర్‌లో ఇంకొకరి చేతికి, అక్కణ్ణుంచి చక్రధర్‌పూర్‌లో ఇంకొకరి చేతికి, డ్యూటీ మారిన చోటల్లా చేతులు మారి పెట్టె మా ఇంటికి చేరేది. పేరున్న కంపెనీలవి దొరికేవి కావు. ఎవరూ వినని ఊళ్ల పేర్లు, ముట్టుకుంటే రంగు అంటుకునే అట్టలు.

"అన్నయ్యకి మళ్లీ డ్యూటీ దొరికింది వదినా" అనేవాడు పోలయ్య గుమ్మంలో చెమట తుడుచుకుంటూ. "జీతం నేదు, లీవూ నేదు." నవ్వించాలని చూసేవాడు. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని.

చూసి చూసి నాకు కూడా మంచీ చెడ్డా తెలిశాయి. ములక్కాడలు కొమ్మకి వేలాడినట్టు ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని వస్తాయి. అచ్చు పాతదైతే ముక్కల అంచున పల్చటి పొర ఉంటుంది, అట్టు చుట్టూ పెళపెళలాడే అంచులా. మందంగా ఉన్నచోట పైన చిన్న గుంట పడితే పోత సరిగా చల్లారలేదని అర్థం. రెండు సగాలు జిగురు లేకుండా దగ్గర పెట్టి వెలుగులోకి ఎత్తి చూడాలి, సందులోంచి కాంతి కనిపిస్తే అది ఎప్పటికీ కుదరదు. చక్రాన్ని గోటితో కొట్టి చూసేవాడు ఈయన, యార్డులో సుత్తితో కొట్టినట్టే.

అన్నిటికంటే ముందు ఫోటోతో సరిచూడాలి. గిరి ట్యాంకు పక్కన నిలబడి ముందు భాగం మీద చెయ్యి వేసిన ఫోటో. ఈ బొమ్మలు అసలు ట్యాంకులో ముప్ఫై అయిదో వంతు ఉంటాయట. మా ఆయన లెక్కవేసి గిరి ఎత్తు ఎంత వస్తుందో చూశాడు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి అగ్గిపెట్టె తెచ్చి ఒక పుల్ల బల్ల మీద పెట్టాడు. కొయ్యనక్కర్లేదు. సరిగ్గా అంతే ఉంది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

ఆ పుల్లని ప్రతి బొమ్మ పక్కనా నిలబెట్టి ఫోటోతో పోల్చేవాడు. ఒకదాని చక్రాలు పుల్ల నడుం దాటాయి, సిక్ లైన్. ఒకదానికి ఒక వైపు చక్రం తక్కువ, సిక్ లైన్. ఒకటి అప్పడంలా వంగిపోయి బల్ల మీద నిలబడనే లేదు.

కొళాయి దగ్గర పక్కింటి కనకం బిందె నింపుకుంటూ అడిగింది, మీ ఆయన పిల్లాడిలా బొమ్మలు చేసుకుంటున్నాడట కదా అని. తను తీయగానే నా బిందె కొళాయి కింద పెట్టాను. "పోనీలే పిన్నీ, మనిషికి ఏదో వొకటుండాల గదా. పాపం కుర్రోడు బయపడిపోయుంటాడు. మా తమ్ముడైతే దూకీసుండును" అంది. నా బిందె సగమే నిండింది. ఎత్తుకుని వచ్చేశాను.

జ్యేష్ఠంలో వచ్చింది మంచి పెట్టె. తెరవగానే తెలిసింది. పొరల్లేవు, గుంటల్లేవు, సూది మొనంత మేకులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. రెండు సగాలు తాకగానే అతుక్కున్నాయి. మూత విడి ముక్క. ఈయన మూడు రోజులు దాని మీద కూర్చున్నాడు. బయట వడగాలి తలుపులు కొడుతుంటే చెమట బొమ్మ మీద పడకుండా నుదుటికి తుండు కట్టుకున్నాడు. పుల్లని నీళ్లలో నానబెట్టి నడుం దగ్గర, మోకాళ్ల దగ్గర విరక్కుండా వంచి, నడిపేవాడి చోట కూర్చోబెట్టాడు. మూత వేశాడు. బురుజు పెట్టి గొట్టాన్ని ముందుకి తిప్పాడు. గోటితో మూత ఎత్తాడు.

తెరుచుకుంది. గొట్టాన్ని ఎటు తిప్పినా తెరుచుకుంటోంది. పుల్ల ఇట్టే బయటికి వచ్చింది.

"ఇది ఫిట్టు" అన్నాడు. యార్డులో బండిని వదిలేటప్పుడు అనే మాట. మూత తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. "అయితే ఆ ఆఫీసరు సెప్పిందే నిజవన్నమాట" అన్నాడు చివరికి, నాతో కాదు.

నర్సమ్మ మాట నిలబడిందని నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మొహం చూసి ఆ ఊపిరి నాకే బరువైంది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. పోలయ్య వస్తే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఈ మనిషి కూడా వెళ్లిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది. ఇంట్లోంచి వెళ్లేవాళ్లందరూ గుమ్మం దాటే వెళ్లరు.

ఇంకో పెట్టె తెప్పించమని పోలయ్యని అడిగింది నేనే. బల్ల దగ్గర కూర్చోవడానికి ఏదో ఒకటి ఉండాలని.

ఆఖరిది వచ్చింది. పెట్టె మీద పేరు కూడా లేదు, దారంతో కట్టి ఉంది. ఎక్కడ చూసినా పొరలు, వీపు మీద గుంటలు, సందుల్లో ధాన్యపు గింజ దూరేంత ఖాళీ. ఆయన నిట్టూర్చి బ్లేడు తీసుకుని ముక్కముక్కా గీకాడు. ఏదో విధంగా నిలబెట్టాడు. అలవాటుగా పుల్లని కూర్చోబెట్టి మూత వేసి బురుజు తిప్పాడు. గొట్టం కాస్త పక్కవాటుగా మూత మీదికి వచ్చి ఆగింది. గోటితో ఎత్తబోతే మూత గొట్టానికి తగిలి కదలలేదు.

"అచ్చు తప్పు" అన్నాడు. "గొట్టం కిందికి జారిపోనాది. తలుపు మీదికి ఇంకోటి అడ్డొచ్చేలాగ ఎవడైనా బండి కడతాడేటే? పనోడన్నోడు కట్టడు." పుల్ల కూడా తీయకుండా సుద్దతో గుర్తు గీసి కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

నలభై ఏళ్లు తలుపులు చూసిన మనిషి. తెరుచుకోని తలుపు అంటే పాడైన తలుపే ఆయనకి.

వారం తర్వాత ఆయన పింఛను పనికి వెళ్లిన పొద్దున ఒక కుర్రాడు వచ్చాడు. పేరు ధనీరామ్, ఊరు ఇక్కడికి దగ్గర మస్తూరీ. గిరి ట్యాంకులో ఫిరంగి పేల్చేది తనేనన్నాడు. ఇన్నాళ్లూ సైనికాసుపత్రిలో ఉన్నాడట. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరి తర్వాత జ్వరాలు. ఎండలో నడిచి వచ్చి కూడా నేనిచ్చిన నీళ్లు తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. తమ ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీలో మాట్లాడాడు. నన్ను దాయీ అన్నాడు, అమ్మని వాళ్లు అలాగే పిలుస్తారు.

ఏవేవో చెప్పాడు. గిరి రొట్టెలు తినలేక అన్నం కోసం వంటవాళ్లతో ఎలా స్నేహం చేశాడో, పాటలు ఎంత తప్పుగా పాడేవాడో. చెబుతూ బల్ల వైపు చూశాడు. మంచి బొమ్మ అక్కడే ఉంది. దాని మూత ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కటే చూస్తూ, ఆఖరిదాని దగ్గర ఆగిపోయాడు.

"ఇదెందుకు పక్కన పెట్టారు?"

బాగాలేదని, మూత గొట్టానికి తగులుతోందని చెప్పాను.

"బాగానే ఉంది దాయీ. ఇదొక్కటే బాగుంది."

గ్లాసు కింద పెట్టాడు. నేల మీద చూపు ఉంచి మిగతాది చెప్పాడు. ఆ ట్యాంకు కట్టడమే అంత. గొట్టం ఒక వాటంలో ఉంటే నడిపేవాడి మూత లేవదు. అందరికీ తెలుసు. అందుకే నీళ్లలోకి దిగే ముందు గొట్టాన్ని పక్కకి తిప్పి పెడతారు. ఆ రోజూ పెట్టారు. కాలువ గట్టు విరిగి ట్యాంకు ఒరిగినప్పుడు బురుజు తన బరువుకి తానే తిరిగింది. కరెంటు పోయింది. చేత్తో తిప్పే పిడి ఒకటుంటుంది, గొట్టాన్ని మూత మీంచి తప్పించాలని తను అది పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. నీళ్లు మెడదాకా వచ్చాయి. పైనున్నవాడు ధనీరామ్ కాలర్ పట్టుకుని బయటికి లాగేశాడు. తర్వాత ట్యాంకును లాగినవాళ్లు మొదట గొట్టాన్ని తిప్పి ఉంటారు, అప్పుడు మూత సుఖంగానే తెరుచుకుంటుంది. తనని ఎవరూ అడగలేదు, అప్పుడు తనకి తెలివి లేదు. ఇప్పుడు వెళ్లి అందరికీ చెబుతానన్నాడు.

నేను అడగకూడదనుకున్నది అడిగాను. కింది నుంచి ఏమైనా వినబడిందా అని.

అతను గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"కొట్టాడు దాయీ. నేను పైకొచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు."

మా ఆయన వచ్చేదాకా ఉంటానన్నాడు. ఆయన కాళ్ల మీద పడాలన్నాడు. వద్దు బాబూ, ఆయనకి నేను చెబుతానన్నాను. కదలకుండా నిలబడితే చెయ్యి పట్టుకుని నేనే రోడ్డు మలుపుదాకా నడిపించాను. మస్తూరీ బస్సు వచ్చి అతను ఎక్కేదాకా ఎండలో నిలబడ్డాను. గుమ్మం దాటి వెళ్లి ఎవరినైనా సాగనంపడం నాకు బుద్ధి తెలిశాక అదే మొదలు.

తిరిగి వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. చెప్పకపోతే ఈయన కొడుకు పిరికివాడనే అనుకుంటూ పోతాడు. చెబితే ఆ మూత కింద ఏం జరిగిందో చూస్తాడు. నేను నిద్రపోవడానికి పట్టుకున్న మాట ఆ కుర్రాడి ఒక్క మాటతో పోయింది.

ఆయన వచ్చేసరికి బల్ల తుడిచి ఆ పేరులేని బండి ఒక్కటే మధ్యలో పెట్టాను. పక్కన గిరి ఫోటో.

"సిక్ బండిని మళ్లీ లైన్ మీదికి ఎందుకు తెచ్చావే?"

"మరోపాలి సూడు బావా."

కూర్చున్నాడు. ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని గొట్టం ఎంత ముందుకొచ్చిందో వేలితో కొలిచాడు, బొమ్మ మీద కొలిచాడు. మంచి బొమ్మని తీసి దాని గొట్టం పొట్టిగా ఉందని అప్పుడు చూశాడు. ఈ బండి గొట్టాన్ని కాస్త పక్కకి తిప్పి మూత ఎత్తాడు, వచ్చింది. మూత వేసి గొట్టాన్ని వెనక్కి తెచ్చి ఎత్తాడు, రాలేదు. గోరు అక్కడే పెట్టుకుని ఉండిపోయాడు.

"ఎవరు సెప్పారు?"

గిరితో ఉన్న కుర్రాడు వచ్చాడని, బురుజు దానంతటదే తిరిగిపోయిందని చెప్పాను.

"అయితే మనోడు బయపడనేదు."

"నేదు."

బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. ఆయన గోరు మూత మీదినుంచి తీయలేదు.

"మరి లోపల... ఎంటనే...?"

"ఎంటనే బావా" అన్నాను. "సల్లటి నీళ్లకి తెలివి తప్పిపోద్దట. ఆ కుర్రోడే సెప్పాడు."

నా మొహంలోకి చూశాడు. ఆ శుక్లాల కళ్లకి నేనెంత కనబడ్డానో తెలియదు.

"అచ్ఛా" అన్నాడు.

బొటనవేలు నాలుకతో తడి చేసుకుని ఆ బండి వీపు మీద సుద్ద గుర్తు తుడిచేశాడు. లేచి గూట్లోంచి సుత్తీ మేకూ తీసుకున్నాడు. ఫోటో పట్టుకుని వీధి గదిలోకి వెళ్లాడు. వచ్చినవాళ్లకి గుమ్మంలోంచే కనబడే గోడ ఎంచుకున్నాడు. మేకు మీద సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. పాతకాలం గోడ, మేకు దిగడం లేదు. కొడుతూనే ఉన్నాడు, ఆగి ఆగి, ఠక్కు ఠక్కు మని.

నేను చెవులు మూసుకోలేదు. బల్ల దగ్గర కూర్చుని, గొట్టాన్ని వేలితో పక్కకి తిప్పి, మూత ఎత్తి, ఆ వంగిన అగ్గిపుల్లని బయటికి తీశాను. నడుం, మోకాళ్లు విరిగిపోకుండా మెల్లగా చాపి, అరచేతిలో పడుకోబెట్టుకున్నాను.